ఫుటీలో నాకు నచ్చిన ఆటగాడు: నిక్ డేకాస్

"మెల్‌బోర్న్‌లో ఉండే తెలుగువాళ్ళు ఫుటీ చూస్తారా? చూస్తే ఎవరి ఆట నచ్చుతుంది?" అని అడిగారు. ఫుటీ అంటే ఇక్కడి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. మొదటి ప్రశ్నకు నా జవాబు: చాలామంది చూడరు. అది నాకు నిజంగా బాధ. ఇండియా క్రికెట్ మ్యాచ్ ఉంటే టార్నిట్, పాయింట్ కుక్ లాంటి శివారు ప్రాంతాల నుంచి జనం రైళ్ళు నిండిపోయేలా ఎంసీజీకి (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) వెళ్తారు. అదే మైదానంలో ఏటా నెలల తరబడి ఫుటీ జరుగుతుంటే మాత్రం "అదేదో రగ్బీ కదా" అనేసి ఊరుకుంటారు. రగ్బీ కాదండీ బాబూ!

రెండో ప్రశ్నకు నా దగ్గర ఒకటే పేరు ఉంది. మెల్‌బోర్న్ క్లబ్బు కాలింగ్‌వుడ్ ఆటగాడు నిక్ డేకాస్.

2023 ఏప్రిల్ 25, ఆన్జాక్ డే, అంటే యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే రోజు. కాలింగ్‌వుడ్, ఎసెండన్ మ్యాచ్. ఆఫీసులో ఒకాయన దగ్గర టికెట్ మిగిలితే వెళ్ళాను. స్టేడియంలో 95 వేల మంది పైనే. మ్యాచ్‌కి ముందు యుద్ధాల్లో పోయినవాళ్ళ కోసం బాకా ఊదినప్పుడు అంతమందీ లేచి నిలబడ్డారు, ఒక్క దగ్గు కూడా వినపడలేదు. మూడు క్వార్టర్లు అయ్యేసరికి కాలింగ్‌వుడ్ 28 పాయింట్లు వెనక. గోల్‌కి 6 పాయింట్లు, అంటే దాదాపు ఐదు గోల్స్ తేడా. మా వరుసలో కొందరు బ్యాగులు సర్దుకోవడం మొదలుపెట్టారు. పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం "ఆ 35 నంబర్ కుర్రాణ్ణి చూస్తూ ఉండు" అన్నాడు.

చూశాను. చుట్టూ నలుగురు మీద పడుతున్నా బంతి చేతిలోకి రాగానే ఆ అబ్బాయి తొందరపడడు. అరక్షణం ఆగుతాడు. ఆ అరక్షణంలో మీద పడబోయినవాడు పక్కకు జారిపోతాడు, ఇతను ఖాళీగా ఉన్న సహచరుణ్ణి వెతికి బంతి అందిస్తాడు. మళ్ళీ పరిగెత్తి తనే అందుకుంటాడు. అందరూ అతను ఎంత పరిగెత్తాడో లెక్కలు చెబుతారు గానీ అసలు విద్య ఆ ఆగడంలో ఉంది. ఆ రోజు 40 డిస్పోజల్స్, అంటే కాలితో తన్ని గానీ చేత్తో కొట్టి గానీ బంతి అందించడం 40 సార్లు. కాలింగ్‌వుడ్ 13 పాయింట్లతో గెలిచింది, ఆ మ్యాచ్‌లో బాగా ఆడినవాడికిచ్చే మెడల్ అతనికే ఇచ్చారు. వయసు ఇరవై!

"వాళ్ళ నాన్న పీటర్ డేకాస్ పెద్ద ఆటగాడు కాబట్టి ఛాన్స్ వచ్చింది" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. మన సినిమా వారసుల గొడవ ఇక్కడికీ తెస్తారు. నాన్న ఒక క్లబ్బుకి వంద మ్యాచ్‌లు ఆడి ఉంటే కొడుకుని ఆ క్లబ్బు తీసుకోవచ్చనే రూల్ ఉన్నమాట నిజమే. పీటర్ 250 మ్యాచ్‌లు ఆడి 549 గోల్స్ కొట్టాడు. కానీ క్లబ్బులు కొత్త కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే 2021 డ్రాఫ్ట్‌లో నిక్ పేరు నాలుగో స్థానంలోనే వచ్చింది. కాలింగ్‌వుడ్ తీసుకోకపోతే వేరేవాళ్ళు ఎగరేసుకుపోయేవాళ్ళు. రూల్ వల్ల క్లబ్బు వస్తుంది, ఆట రాదు. నాన్న వేసుకున్న 35 నంబరే వేసుకుని ఆడటం ఎంత టెన్షనో ఈ మాట అనేవాళ్ళు ఆలోచించరు.

ఆ 2023లోనే హాథార్న్ జట్టుతో మ్యాచ్‌లో వాళ్ళు తమ ఆటగాణ్ణి ఒకణ్ణి పూర్తిగా నిక్ వెనకే తిప్పి, నిక్‌ని 5 డిస్పోజల్స్‌కి కట్టడి చేశారు. అదే మ్యాచ్‌లో నిక్ మోకాలికి దెబ్బ. సీజన్ అయిపోయిందనుకున్నారు. ప్రిలిమినరీ ఫైనల్‌కి (సెమీఫైనల్ లాంటిది) తిరిగొచ్చాడు, గ్రాండ్ ఫైనల్లో 29 డిస్పోజల్స్, ఒక గోల్. బ్రిస్బేన్ జట్టు మీద గెలుపు 4 పాయింట్లతో! అంత దగ్గరి మ్యాచ్‌లో ఆ గోల్ లేకపోతే ఏమయ్యేదో మీరే లెక్కేసుకోండి.

నాకున్న పెద్ద కంప్లయింట్ బ్రౌన్‌లో మెడల్ గురించి. అంపైర్లు మ్యాచ్ మ్యాచ్‌కీ ఓట్లు వేసి సీజన్‌లో మేటి ఆటగాడికి ఇచ్చే అవార్డు అది. 2024లో నిక్‌కి 38 ఓట్లు వచ్చాయి. అంతకుముందు వరకూ రికార్డే 36. అయినా ఆ ఏడాది కార్ల్‌టన్ క్లబ్బు ఆటగాడు ప్యాట్రిక్ క్రిప్స్‌కి 45 రావడంతో రెండో స్థానం. 2025లోనూ రెండో స్థానమే. ఈ తరంలో ఇతన్ని మించినవాడు లేడని నా గట్టి నమ్మకం, ఆ మెడల్ ఒక్కటి కాదు, రెండు మూడు వస్తాయి. ఈసారి మా వైపు నుంచి ఎవరైనా మ్యాచ్‌కి వస్తానంటే చెప్పండి, కలిసి వెళ్దాం.