సిటీ ఛానల్ కొనబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

కర్నూలులో ఒక సిటీ ఛానల్ అమ్మకానికి వచ్చిందనీ, నువ్వు బేరం మాట్లాడుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ఈ పనిలోనే ఇరవై ఏళ్లు గడిపినవాణ్ణి గనక, అడ్వాన్స్ ఇచ్చే ముందు నా మాట కాస్త విను.

వాళ్లు నీకు ముందు స్టూడియో చూపించి ఉంటారు. కెమెరాలు, లైట్లు, ఎడిటింగ్ సిస్టమ్ డబ్బు పెడితే వారంలో వస్తాయి. ఛానల్ ఎవరి కేబుల్ మీద నడుస్తోంది, ఏ కాగితం మీద నడుస్తోంది, అది అడుగు. ఎమ్మెస్వో, అంటే ఊళ్లోని కేబుల్ ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థ, తన కంట్రోల్ రూమ్‌లో చోటిస్తేనే మనం ఇళ్లలో కనిపిస్తాం. 2022 నవంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో ఇలాంటి లోకల్ ఛానళ్లను ప్లాట్‌ఫామ్ సర్వీస్ అన్నారు. ఛానల్‌కు వెయ్యి రూపాయలు కట్టి రిజిస్టర్ చేయించాల్సింది ఎమ్మెస్వోనే. లోకల్ వార్తలు వేయాలంటే ఆ ఎమ్మెస్వో కంపెనీగా రిజిస్టరై ఉండాలి. వేసిందంతా 90 రోజులు రికార్డు చేసి దాచాలి. ఎమ్మెస్వో మొత్తం ఛానళ్ల సామర్థ్యంలో ఇలాంటివి 5 శాతం మించకూడదు కాబట్టి చోటుకు పోటీ ఉంటుంది. రేపు ఎమ్మెస్వోకు నీతో పడకపోతే నీ చోటు ఇంకొకరికి పోతుంది. అందుకే అమ్మేవాళ్లతో రాసుకునే అగ్రిమెంట్ కంటే ముందు ఎమ్మెస్వోతో నీ పేరు మీద ఒప్పందం రాయించుకో. అది చేతికొచ్చాకే అడ్వాన్స్.

ఇక కనెక్షన్లు. నంద్యాల చెక్‌పోస్టు వైపు, కల్లూరు వైపు ఊరు పెరుగుతున్న మాట నిజమే. ఇళ్లు పెరిగితే కేబుల్ కనెక్షన్లూ పెరిగాయనుకోవద్దు. కొత్త అపార్ట్‌మెంట్లలో నెట్ పెట్టించుకుని అన్నీ యూట్యూబ్‌లోనే చూస్తున్నారు. వాళ్లు చెప్పే లెక్క పక్కన పెట్టి నువ్వే నాలుగు వీధులు తిరుగు. రిమోట్ ఇంటి పెద్దావిడ చేతిలోనే ఉంచి, "మన లోకల్ ఛానల్ పెట్టమ్మా" అను. వెతుక్కోకుండా ఆమె వేలు నంబరు మీద పడిందా, లేక "ఏ ఛానల్ నాయనా?" అని నిన్నే అడిగిందా చూడు.

యాడ్ల పుస్తకంలో నెలలు చూడు. 2024 మే ఎన్నికల ముందు వచ్చిన డబ్బు ఏటా రాదు. ఆ యాడ్లకు జిల్లా మీడియా సర్టిఫికేషన్ కమిటీ అనుమతి కాగితాలు ఉన్నాయా అని కూడా అడుగు. మామూలు నెలల్లో మనల్ని నడిపేది బట్టల షాపులు, స్కూలు అడ్మిషన్లు, వెంచర్లు, శ్రద్ధాంజలులు. బిల్లు రాసింది వేరు, వసూలైంది వేరు. బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమను. హక్కుల్లేని సినిమాలు వేస్తుంటే మొదటి రోజే ఆపెయ్.

నాకు ఎక్కువ భయం మైకుల దగ్గర. జీతం ఇవ్వకుండా లోగో మైకు చేతిలో పెట్టి "నీ తిప్పలు నువ్వు పడు" అనేవాళ్లు ఉన్నారు. ఆ కుర్రాడు ఇల్లు కట్టుకునేవాళ్ల దగ్గరికీ రేషన్ షాపు దగ్గరికీ డబ్బుల కోసం పోతాడు. ఛానల్ పరువు అక్కడే పోతుంది. బయట ఎన్ని మైకులున్నాయో రాయించుకుని అన్నీ వెనక్కి తెప్పించు. ఇద్దరే ఉన్నా సరే, జీతమిచ్చి పెట్టుకో.

2009 అక్టోబరులో హంద్రీ, తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు మా ఆఫీసు కింది అంతస్తులో ఉండేది. నీళ్లు తీశాక ముగ్గురం కలిసి తోస్తే గానీ తలుపు కదల్లేదు. లోపల మోకాలెత్తు బురద. క్యాసెట్ ఎత్తి వంచితే దాని మీది చిన్న కిటికీలోంచి బురద కారింది. పదేళ్ల వినాయక నిమజ్జనాలు, ఊరి పెళ్లిళ్లు అట్లే పోయాయి. కరెంటు వచ్చాక అరువు కంప్యూటర్‌తో ఒక్క స్క్రోలింగ్ మాత్రం వేశాం. ఏ వీధికి ట్యాంకర్ ఎన్నింటికి వస్తుంది, భోజనాలు ఎక్కడ పెడుతున్నారు, అంతే. ఆ తర్వాత నెలల తరబడి జనం ఆఫీసు మెట్లెక్కి వచ్చి, "మీది చూసే నీళ్లు పట్టుకున్నాం" అని చెప్పిపోయారు. నువ్వు కొనే ఛానల్‌కు అట్లా మెట్లెక్కి వచ్చే మనుషులు ఉన్నారేమో కనుక్కో. ఆఫీసు ఏ అంతస్తులో ఉందో కూడా చూసుకో.

ఆదివారం వస్తున్నా. కాగితాలన్నీ జిరాక్స్ తీయించి పెట్టు. పొద్దున్నే కల్లూరు నుంచి మొదలుపెట్టి ఇళ్లు తిరుగుదాం.

ఆశీస్సులతో,
మామ