అమ్మకానికి కాని గంగిరెద్దు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మాయి ఉద్యోగం వల్ల 4 ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. మధ్యాహ్నం పూట పార్సిల్ డబ్బాల అట్టముక్కల మీద సంక్రాంతి బొమ్మలు వేసుకుంటాను. ఆషాఢంలో హరిదాసు ఏమిటని, భోజనాల బల్లంతా రంగులేనని మావారు విసుక్కుంటారు. అమ్మాయేమో వీటిని అమ్మమని, ఇక్కడ ఏటా వీధిలో జరిగే బొమ్మల సంత చిత్రసంతెలో పెట్టమని పట్టుబడుతోంది. దాని స్నేహితురాలు అడిగితే 20 కార్డులు వేసిచ్చాను. చివరి వాటికి వచ్చేసరికి గంగిరెద్దు బొంతకు మొత్తం ఒకే రంగు పూసేశాను. అప్పటి నుంచి కుంచె ముట్టబుద్ధి కావడం లేదు. 58 ఏళ్ల వయసులో ఎవరికీ పనికిరాని దాని మీద ఇంత సమయం గడపడం స్వార్థమేనా?

జవాబు: మీ ఉత్తరంలో ఆ ఒకే రంగు బొంత దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంటింటా ఇచ్చిన పాత బట్టలతో కుట్టిన బొంతలో ఏ రెండు ముక్కలూ ఒకలా ఉండవని చిన్నప్పటి నుంచి చూసిన మీకు వేరే చెప్పనక్కరలేదు. ఒక్కో ముక్కకు ఒక్కో రంగు వెతుక్కోవడంలోనే మీ ఆనందమంతా ఉండేదని, 20 కార్డుల లెక్క ముందుకు రాగానే మొదట పోయింది ఆ వెతుకులాటేనని నాకు అనిపిస్తోంది.

ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. మార్క్ లెపర్, మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో అమెరికాలో ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. బొమ్మలంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బంగారు ముద్ర ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందుగా చెప్పారు. కొద్దిరోజుల తరువాత గమనిస్తే, ఆ పిల్లలు తమంతట తాముగా బొమ్మలు వేయడం బాగా తగ్గించారు. ముందు చెప్పకుండా అదే పత్రం అందుకున్న పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. అందువల్ల పొరుగింటి కన్నడ ఆవిడ సంక్రాంతికి ఎళ్ళు బెల్ల (నువ్వులు, బెల్లం కలిపి పంచేది) తెచ్చిచ్చినప్పుడు, అప్పటికే వేసి ఉంచుకున్న బొమ్మ ఒకటి ఆమె చేతిలో పెట్టాలనిపిస్తే నిరభ్యంతరంగా పెట్టండి. అడిగినన్ని లెక్కపెట్టి వేసివ్వడం మాత్రం మానుకోండి.

మీ అమ్మాయి మీద కోపం తెచ్చుకోకండి. తల్లి పనితనం నలుగురికీ తెలియాలనే ముచ్చట అది. "నచ్చిందని చెప్పు తల్లీ, ధర మాత్రం చెప్పకు" అని నేరుగా అనండి. జనవరిలో కుమారకృప రోడ్డులో చిత్రసంతె జరిగే ఆదివారం ఇద్దరూ కలిసి చూడటానికి వెళ్లి, నచ్చిన బొమ్మ ఒకటి కొనుక్కుని రండి.

మీవారి మాటల్లో రెండు సంగతులు కలిసిపోయాయి, వాటిని విడదీయాలి. ఆషాఢంలో హరిదాసు ఎందుకన్నది ఆయనకు అనవసరం. ఆ మాటకొస్తే దసరా కొలువు బొమ్మలు చేసేవారు పండుగ వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోరు. బల్ల విషయంలో మాత్రం న్యాయం ఆయన పక్షాన ఉంది. అన్నం తినే చోట రంగునీళ్ల గ్లాసు ఉంటే ఎవరికైనా చిరాకే, పైగా అది మజ్జిగ గ్లాసు పక్కన ఉంటే ప్రమాదం కూడా. బాల్కనీలో ఒక మడత బల్ల వేసుకోండి, లేదా రాత్రి భోజనానికి ముందు అన్నీ ఒక ట్రేలో సర్ది మంచం కిందికి తోసేయండి. ఆయన విసుగులో సగం అక్కడే తీరుతుందని నా అంచనా.

ఇక స్వార్థం సంగతి. ఈ బొమ్మల కోసం మీరు తిండి, నిద్ర మానుకుంటున్నట్లు గానీ, మనుషులను తప్పించుకుంటున్నట్లు గానీ రాసి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. మీరు తీసుకుంటున్నది మధ్యాహ్నం పూట, అదీ ఇంటి పని ముగిశాక. ధనుర్మాసం నెల్లాళ్లూ చలిలో లేచి ముగ్గు పెట్టిన మీ అమ్మగారిని, సాయంత్రానికి చెరిగిపోయే దానికి ఇంత శ్రమ దేనికని మీరెప్పుడైనా అడిగారా?

కుంచె మళ్లీ పట్టడానికి పూర్తి బొమ్మ వేయాలన్న పట్టుదల వద్దు. ఒక చిన్న అట్టముక్క తీసుకుని, దాని మీద బొంత ఒక్కటే, ముక్క తరువాత ముక్కగా వేయండి. ఎద్దు తరువాత ఎప్పుడో వచ్చినా పరవాలేదు.