23 ఏళ్లు ప్రధాని, నాలుగు దశాబ్దాలు పార్లమెంటు సభ్యుడు

ప్రశ్న: స్వీడన్‌లో టాగె ఎర్లాండర్ 23 ఏళ్లపాటు ఏకధాటిగా ప్రధానిగా ఉన్నారని చదివాను. ప్రజాస్వామ్యంలో అది ఎలా సాధ్యమైంది? పదవి వదిలాక ఆయన ఏమయ్యారు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఎర్లాండర్ 1901లో వెర్మ్‌లాండ్ ప్రాంతంలోని రన్సేటర్‌లో ఒక బడిపంతులు ఇంట పుట్టారు. లుండ్ విశ్వవిద్యాలయంలో చదివి, ఒక విజ్ఞాన సర్వస్వం సంపాదకవర్గంలో పనిచేస్తూ, 1930లో లుండ్ పురపాలక సభకూ 1932లో సోషల్ డెమొక్రాటిక్ పార్టీ తరఫున పార్లమెంటుకూ ఎన్నికయ్యారు. 1938లో సాంఘిక వ్యవహారాల మంత్రి గుస్తావ్ మొల్లర్ కింద కార్యదర్శిగా చేరి, 1944లో మంత్రి అయ్యారు. 1946 అక్టోబరులో ప్రధాని పెర్ ఆల్బిన్ హాన్సన్ హఠాత్తుగా మరణించినప్పుడు ఆ పదవి మొల్లర్‌కే దక్కుతుందని చాలామంది అనుకున్నారు; పార్టీ మాత్రం 45 ఏళ్ల ఎర్లాండర్‌ను ఎంచుకుంది.

అంతకాలం నిలిచారంటే సభలో తిరుగులేని బలం ఉండి ఉంటుందని అనిపించడం సహజమే. నిజానికి ప్రజలు నేరుగా ఎన్నుకునే దిగువ సభలో ఆయన పార్టీకి 1968 వరకు సొంత మెజారిటీ లేదు. 1951 నుంచి 1957 వరకు రైతుల పార్టీతో కలిసి ప్రభుత్వం నడిపారు. మిగతా కాలమంతా సభ్యులను ఒప్పించుకుంటూ నడవవలసిందే. ఆయన అసలు సామర్థ్యం ఆ ఓపికలోనే ఉందని నేను నమ్ముతాను.

దీనికి ఉద్యోగుల అనుబంధ పింఛను (అందరికీ వచ్చే మూల పింఛనుకు తోడు జీతాన్ని బట్టి ఇచ్చే పింఛను) వివాదం కంటే మంచి ఉదాహరణ లేదు. 1957లో ఈ పథకంపై జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో మూడు ప్రతిపాదనలు పోటీపడగా, దేనికీ సగానికి మించి ఓట్లు రాలేదు. రైతుల పార్టీ ప్రభుత్వం నుంచి తప్పుకుంది. 1958లో దిగువ సభ బిల్లును తిరస్కరించడంతో ఎర్లాండర్ ఆ సభను రద్దు చేయించి మధ్యంతర ఎన్నికలకు వెళ్లారు. ఆ ఎన్నికల తర్వాత కూడా, ఓటు హక్కు లేని సభాపతిని మినహాయిస్తే, బిల్లు అనుకూల, వ్యతిరేక పక్షాల బలం 115, 115గా తేలింది. చివరికి 1959 మేలో, గోథెన్‌బర్గ్ ఓడల నిర్మాణ కార్మికుల నుంచి వచ్చిన లిబరల్ సభ్యుడు తూరె కోనిగ్సన్ తన పార్టీ వైఖరిని కాదని ఓటింగుకు దూరంగా ఉండటంతో, లక్షలాది శ్రామికుల వృద్ధాప్యానికి భరోసా ఇచ్చిన ఆ చట్టం 115–114 ఓట్లతో గట్టెక్కింది. పిల్లలందరికీ భత్యం, తొమ్మిదేళ్ల నిర్బంధ విద్య, పదేళ్లలో పది లక్షల ఇళ్ల నిర్మాణ పథకం కూడా ఆయన హయాంలోనివే.

1968 ఎన్నికల్లో పార్టీకి 50.1 శాతం ఓట్లు వచ్చాయి. అంతటి విజయం సాధించిన మరుసటి ఏడాదే ఆయన తన పార్టీ సహచరుడు ఓలోఫ్ పాల్మెకు పదవి అప్పగించారు. గెలుపు మీద ఉండగా తప్పుకోవడం ఏ దేశంలోనైనా అరుదు, అందుకే ఆ నిర్ణయం నాకు గొప్పగా తోస్తుంది. అప్పటికి ఆయనకు సొంత ఇల్లు లేదు. రాజధానిలో అద్దె ఇంట్లో ఉండేవారు కనుక, పార్టీయే బొమ్మెర్స్‌విక్‌లో ఒక ఇల్లు కట్టించి ఇచ్చింది. రాజకీయాలను మాత్రం ఆయన వెంటనే విడిచిపెట్టలేదు. రెండు సభలు పోయి 1971లో ఒకే సభ ఏర్పడ్డాక కూడా 1973 వరకు సాధారణ సభ్యుడిగా కొనసాగారు. ప్రధాని పదవి వదిలాక పలు సంపుటాల్లో జ్ఞాపకాలు ప్రచురించి, 1985 జూన్‌లో మరణించారు. ఆయన రాసుకున్న డైరీలను కుమారుడు స్వెన్ 2001 నుంచి వరుసగా వెలువరించారు. ఒక ప్రధాని రోజువారీ ఆలోచనలు, సందేహాలు ఎలా ఉంటాయో తెలుసుకోదలచినవారికి అవి విలువైన ఆధారం.