అనాటమీ ప్రొఫెసర్ కావాలంటే?

ప్రశ్న: హౌస్ సర్జన్సీలో ఉన్నాను. అనాటమీ ప్రొఫెసర్‌నై, వైద్య విద్యను తీర్చిదిద్దే పని చేయాలనుంది. దారేమిటి?

జవాబు: నీట్ పీజీ రాసి అనాటమీలో 3 ఏళ్ల ఎండీ చేయండి. సీనియర్ రెసిడెన్సీ (ఎండీ అయ్యాక కాలేజీలో చేసే శిక్షణ ఉద్యోగం) తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్ అవుతారు. ఆపై పదోన్నతికి అనుభవంతోపాటు పరిశోధన పత్రాలు కావాలి. చాలామంది వాటిని ఆఖరి ఏడాదికి వదిలేస్తారు. జర్నల్ తిప్పి పంపిందంటే పదోన్నతి ఆగినట్టే. మొదటి ఏడాదే మొదలుపెట్టండి.

భౌతికకాయాలను కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లో చేతిపని మాత్రం వదలకండి. భౌతికకాయం పాడవకుండా తొడ ధమనిలోంచి ఫార్మలిన్ ద్రావణం ఎక్కించడం ఆలస్యమైతే రక్తం గడ్డకట్టి, ద్రావణం వేళ్ల కొసలదాకా చేరదు. అక్కడి కణజాలం మెత్తబడి, సన్నని నరాలు పట్టకారుకే తెగిపోతాయి. ఇది తెలిసినవారే బాగా బోధించగలరు.

నాయకత్వానికి మీ కాలేజీలోని మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్‌లో చేరండి. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికను క్షుణ్ణంగా చదవండి. భౌతికకాయాన్ని తొలి గురువుగా గౌరవించడం నేర్పే పాఠం అందులో ఉంది. ఆ తరగతి మీరే అడిగి తీసుకోండి.