సన్‌స్క్రీన్ నానో కణాలు నీళ్లలో కలిస్తే పట్టుకునేదెలా?

ప్రశ్న: సన్‌స్క్రీన్‌లో టైటానియం డయాక్సైడ్ నానో కణాలుంటాయట కదండీ, అది రాసుకుని జనం నీళ్లలో దిగితే ఎంత కలిసిందో కొలవగలరా? మట్టిలోనూ టైటానియం ఉంటుందిగా? – ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: అసలు చిక్కంతా మీ రెండో ప్రశ్నలోనే ఉందండీ. నీళ్లలో మొత్తం టైటానియం ఎంతుందో ఐసీపీ-ఎంఎస్ అనే మెషీన్ చెప్పేస్తుంది, కానీ మన భీమిలి ఇసుకలోనే ఇల్మెనైట్ అనే ఖనిజం రూపంలో టైటానియం బోలెడుంది, కాబట్టి ఉత్త అంకె చూసి సన్‌స్క్రీన్ మీద నేరం మోపలేం.

వియన్నాలో ఓల్డ్ డాన్యూబ్ అని జనం ఈతకెళ్లే సరస్సుంది, అక్కడ ఏడాదిపాటు శాంపిల్స్ తీశారు, 2014లో పేపర్ వచ్చింది. కిటుకేంటంటే మట్టి టైటానియం ఒంటరిగా రాదు, నయోబియం, అల్యూమినియం లాంటి లోహాల్ని వెంటేసుకుని వస్తుంది, ఫ్యాక్టరీ సరుకులో టైటానియంతో పోలిస్తే అవి చాలా తక్కువ. ఈతల సీజన్‌లో టైటానియం వాటా మాత్రమే పెరిగితే ఆ ఎక్స్‌ట్రా ఎక్కడిదో తెలిసిపోయినట్టే, నాకైతే ఇది భలే నచ్చింది.

కణాల సైజు కావాలంటే అదే మెషీన్‌లోకి నీళ్లు బాగా పల్చన చేసి పంపుతారు, ఒక్కో కణం ప్లాస్మాలో, అంటే మహా వేడి వాయువులో కాలి ఒక్కో సిగ్నల్ ఇస్తుంది, ఎన్ని సిగ్నల్స్ వస్తే అన్ని కణాలు, సిగ్నల్ ఎంత పెద్దదైతే కణం అంత పెద్దది. మరీ చిన్నవి మాత్రం తప్పించుకుంటాయి, పైగా నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే 48 అణుభారం దగ్గర (మెషీన్ గుర్తుపట్టేది అణువు బరువుతోనే) అదీ టైటానియంలాగే కనిపించి తికమక పెడుతుంది. శాంపిల్ నిల్వ ఉంచినా కణాలు సీసా గోడకి అంటుకుపోతాయి, అందుకే త్వరగా కొలిచేయాలి.