టాన్సిల్స్ ఆపరేషన్ అయ్యాక ఇంట్లో

అమ్మడూ,

బుజ్జిగాడికి టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) తీసేయాలని డాక్టరు గారు అన్నప్పటినుంచి నీకు నిద్ర పట్టట్లేదని మీ అమ్మ చెప్పింది. వాడు నోరు తెరుచుకుని పడుకోవడం, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడటం మొన్న పండక్కి నేనూ చూశాను. తీయించడమే మంచిది. టాన్సిల్స్ తీసేస్తే రోగాలు తట్టుకునే శక్తి పోతుందని పక్కింటావిడ అన్నదట. ఆ పని చేసే భాగాలు ఒంట్లో ఇంకా బోలెడున్నాయి.

నీ భయమంతా ఆపరేషన్ రోజు గురించే. ఈఎన్‌టీ వార్డులో నర్సుగా చేసినదాన్ని, చెబుతున్నా విను: ఆ రోజు వాణ్ణి చూసుకోవడానికి అంతమంది ఉంటారు. నీ పని ఇంటికొచ్చాకే మొదలవుతుంది.

జలుబు, జ్వరం ఉన్నా, పన్ను కదులుతున్నా, ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే రక్తం త్వరగా ఆగకపోయినా ఆపరేషన్‌కి ముందే డాక్టరుకి చెప్పు. అన్నం, పాలు, బిస్కెట్లు మత్తుకి కనీసం 6 గంటల ముందు ఆపాలి. మంచినీళ్ళు ఎప్పటిదాకా ఇవ్వొచ్చో ఆస్పత్రి వాళ్ళనే అడుగు. పాపం ఆకలేస్తోందని తాతయ్య చాటుగా బిస్కెట్టు పెట్టేస్తారు, ఓ కన్నేసి ఉంచు. కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. మత్తు దిగేటప్పుడు కొందరు పిల్లలు అమ్మని కూడా గుర్తుపట్టనట్టు ఏడ్చి గింజుకుంటారు. కంగారుపడకు, కాసేపటికి సర్దుకుంటారు.

మొదటి రోజు హుషారుగా ఉన్నాడని మురిసిపోకు. నొప్పి మూడో రోజు నుంచి పెరగొచ్చు. చెవి నొప్పి అంటాడు, అది గొంతు నుంచి వచ్చేదే. గొంతులో తెల్లగా పొర కడుతుంది, నోరు వాసన వస్తుంది. అది చీము కాదు, మానుతున్న పుండు. గోకడాలు, పసుపు రాయడాలు వద్దు.

వాడు ఏడ్చాక కాదు, గడియారం చూసి మందు వెయ్యి. మొదటి రోజుల్లో రాత్రి లేపైనా సరే. పారాసిటమాల్ వాడి బరువుని బట్టి డాక్టరు రాసినంతే. ఆస్పిరిన్ వద్దు. కొడీన్ ఉన్న దగ్గు మందులు 12 ఏళ్ళలోపు పిల్లలకి అసలు ఇవ్వకూడదు.

అన్నం తినకపోయినా ఫర్వాలేదు, తాగకపోతేనే చిక్కు. గొంతు ఎండితే నొప్పి పెరుగుతుంది, నొప్పికి భయపడి ఇంకా తాగడు. మందు వేసిన అరగంటకి గుక్కగుక్కగా పట్టు. చల్లని మజ్జిగ, సగ్గుబియ్యం జావ, మెత్తటి పెరుగన్నం, అడిగితే ఐస్‌క్రీమ్. కారం, పులుపు, చెక్కలు, అప్పడాలు కొన్నాళ్ళు కనపడనివ్వకు. పుచ్చకాయ, బీట్‌రూట్ లాంటి ఎర్రటివి కూడా వద్దు. వాంతి అయితే రక్తమో కాదో తెలీక హడలిపోతావు. ఒంటేలు బాగా తగ్గితే డాక్టరుకి ఫోన్ చెయ్యి.

ఐదో రోజు దాటాక అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఆ పొర ఊడేది, రక్తం వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నదీ అప్పుడే, పదో రోజు దాకా. నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తుంటే టార్చి వేసి నోట్లో చూడు. ఎర్రటి రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు. అందుకే రెండు వారాలు స్కూలు, ఆటలు, ఊరి ప్రయాణం పెట్టుకోకు.

తేదీ ఖాయం కాగానే చెప్పు, బ్యాగు సర్దుకుని వచ్చేస్తా. రాత్రి మందుల డ్యూటీ నాది.

మీ పెద్దమ్మ