అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది, మధ్యాహ్నమైతే ఏడుపొస్తోంది

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పెళ్ళయి డల్లాస్ దగ్గర ఫ్రిస్కో వచ్చానని, హైదరాబాద్‌లో నాలుగేళ్ళు టెస్టింగ్ జాబ్ చేసి ఇప్పుడు హెచ్4 మీద, అంటే భర్త వర్క్ వీసా మీద ఆధారపడి భార్యకిచ్చే వీసా మీద, ఖాళీగా ఉన్నానని, మొన్న పప్పుచారుకి తాలింపు వేస్తే ఎండుమిర్చి మాడి స్మోక్ అలారం మోగితే కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతూ విసురుతూ అక్కడే ఏడ్చేశానని రాశావు. మీ ఆయనేమో "ఇంట్లో హాయిగా ఉండక ఏంటి బాధ" అంటున్నాడట.

నిన్నటిదాకా నీ జీతం, నీ స్కూటీ ఉన్నదానివి, ఇవాళ పాలు తేవాలన్నా ఆయన కారు కోసం చూడాలి, ఎవరికైనా ఊపిరాడదు. ఇంకోటి, చలికాలంలో అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట అంటే ఇక్కడ రాత్రి పన్నెండున్నర, అక్కడ సాయంత్రం ఆరంటే ఇక్కడ తెల్లవారుజాము ఐదున్నర. నీకు దిగులు ముంచుకొచ్చే ఆ ఐదు గంటలూ అమ్మ, ఫ్రెండ్స్ అందరూ నిద్రలో ఉంటారు. ఆ టైమ్‌లో నువ్వు ఇంట్లో ఉండకూడదు.

అందుకే ముందు డ్రైవింగ్, మిగతావన్నీ తర్వాతే. హెచ్4 వాళ్ళకీ లైసెన్స్ ఇస్తారు. మీ ఆయన దగ్గర మాత్రం నేర్చుకోకు, స్టీరింగ్ దగ్గర గొడవలు ఇంటిదాకా వస్తాయి, డబ్బులు పోయినా ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకో. కారు చేతికొచ్చాక మధ్యాహ్నాలు లైబ్రరీకి వెళ్ళు, కార్యసిద్ధి హనుమాన్ గుడి మీ ఫ్రిస్కోలోనే ఉంది, వెళ్ళి ఏదైనా సేవ చేస్తానని అడుగు, నాలుగు మొహాలు పరిచయమవుతాయి.

ఉద్యోగం సంగతి, మీ ఆయనకి ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయితే నువ్వు ఈఏడీకి, అంటే ఉద్యోగం చేసుకునే పర్మిట్‌కి, అప్లై చేసుకోవచ్చు, 2015 నుంచి ఈ వీలుంది. అది ఎందాకా వచ్చిందో నీకు తెలీదన్నావు, అది నాకు నచ్చలేదు, ఈరోజే అడుగు. చదువుకోవాలంటే హెచ్4 మీదే కాలేజీలో చేరొచ్చు.

ఆయన చెడ్డవాడని నాకనిపించట్లేదు. ఆయన ఎంఎస్‌కి వచ్చినప్పుడు ముగ్గురు రూమ్మేట్స్ ఉన్నారన్నావుగా, నీకు ఆయనొక్కడే ఉన్నాడు. ఈ మాట ఇలాగే చెప్పు, ఆఫీసు నుంచి రాగానే కాదు, సెలవు రోజు కాఫీ తాగేటప్పుడు.

నిద్ర, తిండి రెండు వారాలు సరిగా లేకపోతే డాక్టర్‌కి చూపించుకో. బతకాలని లేదనిపిస్తే ఏ వేళైనా సరే అక్కడి హెల్ప్‌లైన్ 988కి కాల్ చెయ్యి తల్లీ, ఆలోచించకు.

అమ్మకి రోజూ బాగున్నానని అబద్ధం చెప్తున్నానన్నావు. రేపు ఫోన్ చేసినప్పుడు ఆ అలారం సంగతి చెప్పు. పప్పుచారు ఎలా కుదిరిందని ఆవిడే అడుగుతుంది.